కాకినాడ రేవులో పడవెక్కాలంటే: ముందు తిథి, ఆ తర్వాతే టికెట్

కాకినాడ వెళ్లి పడవ షికారు చేద్దామనుకునేవారు ముందుగా రైలు టికెట్, ఆ తర్వాత హోటల్ గది చూసుకుంటారు. ఆ రెండింటికన్నా ముందు గోడమీది క్యాలెండర్ దగ్గరికి వెళ్లి తిథి చూడండి. ఇక్కడి అఖాతం లోతు తక్కువ. గోదావరి ఏటేటా తెచ్చి పోసే ఒండ్రు, ఇసుక పేరుకుపోయి దక్షిణం వైపు చాలాచోట్ల పాటు వేళ, అంటే నీరు వెనక్కి తీసే వేళ, మనిషి లోతు నీరు కూడా ఉండదు. పొద్దున పడవ హాయిగా సాగిపోయిన దారిలోనే మధ్యాహ్నానికి అడుగు బురదకు తగిలి ఆగిపోతుంది. బోటు తిప్పలేదనీ, ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవి దాకా తీసుకెళ్లలేదనీ నిరాశపడి తిరిగొచ్చేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది వెళ్లిన రోజు మంచిదే, వెళ్లిన వేళే సరైనది కాదు.

సముద్రం పొంగే వేళ పోటు, తీసే వేళ పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు నిండినప్పటి నుంచి పాటు పూర్తిగా తీసేదాకా సుమారు ఆరు గంటలు పడుతుంది. మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ మాత్రం తెలిస్తే మీ ప్రయాణం మీరే వేసుకోవచ్చు.

ఏ నెలలో, ఏ తిథిన

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి చివరి దాకా అన్నిటికన్నా అనువైన కాలం. ఎండ తీవ్రత ఉండదు, సముద్రం కాస్త నెమ్మదిస్తుంది, వలస పక్షులు కూడా అప్పుడే ఇక్కడ ఉంటాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో పచ్చదనం బాగుంటుంది గానీ అది తుపాన్ల కాలం. 1996 నవంబరు 6న ఈ తీరాన్ని తాకిన తుపాను కోనసీమను ఏం చేసిందో ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ రెండు నెలల్లో వెళ్లాలనుకుంటే టికెట్లు రద్దు చేసుకునే వీలు ఉంచుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి బలంగా ఉంటుంది, కెరటాలు పెద్దవి. పడవ ప్రయాణం కోసమే అయితే ఆ నెలలు వద్దు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవలతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి 61 రోజులు వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో రేవు చూడాలని వెళితే వేలం పాటలు, తెల్లవారుజాము సందడి కనిపించవు. అయితే బోట్లన్నీ ఒకేచోట లంగరు వేసి ఉంటాయి. ఇంజన్లు విప్పడం, పలకల సందులు పూడ్చడం, రంగులు వేయడం, నీడన కూర్చుని వలలు అల్లుకోవడం దగ్గరగా చూడాలనుకునేవారికి అదీ మంచి కాలమే.

ఇక తిథి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, వాటి తర్వాతి రెండు మూడు రోజుల్లోనూ పోటు ఎత్తుగా వస్తుంది, పాటు బాగా లోపలికి తీస్తుంది. ఈ తీరంలో ఆ తిథుల్లో పోటు సుమారు ఉదయం 9 గంటల ప్రాంతంలో నిండుతుంది. విదియ, తదియ నాటికి అది 10, 11 గంటలకు జరుగుతుంది. అష్టమి వచ్చేసరికి పోటు మధ్యాహ్నం మూడు దాటాక, అదీ తక్కువ ఎత్తున వస్తుంది. ఉదయం 9 గంటలకు మీరు రేవులో నిలబడేసరికి పాటు. కాబట్టి పడవే ముఖ్యమనుకుంటే అమావాస్యకో పౌర్ణమికో అటూ ఇటూ రెండు మూడు రోజులు ఎంచుకోండి. పొద్దుటి గాలి నెమ్మదిగా ఉంటుంది, నీరూ నిండుగా ఉంటుంది. ఆ రెండూ కలిసిరావడమే మీకు కావలసింది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఊపందుకుని అఖాతంలో అలలు లేస్తాయి.

ఇది ఉజ్జాయింపు లెక్క. కచ్చితమైన వేళ కోసం హైదరాబాద్‌లో ఉండి సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైటులో కాకినాడ ఆటుపోట్ల పట్టిక చూడండి. అలల ఎత్తు, గాలి వేగం ముందస్తు అంచనాలు కూడా అక్కడే ఉంటాయి. ఉప్పుటేర్ల లోపలికి పోటు చేరడానికి కొంత ఆలస్యమవుతుందని గుర్తుంచుకోండి.

పౌర్ణమి నాడే వెళ్లేవారికి ఒక్క జాగ్రత్త. పోటు ఎత్తుగా వస్తుందంటే పాటు కూడా అంతే వేగంగా తీస్తుంది. ఏటి మొగల దగ్గర ఆ లాగుడు బలంగా ఉంటుంది. తిరిగి వచ్చే వేళను ముందే ఖాయం చేసుకోండి.

చేరుకోవడం, బస

హైదరాబాద్ వైపు నుంచి గౌతమి, కోకనాడ ఎక్స్‌ప్రెస్‌లు రాత్రి ఎక్కితే తెల్లవారేసరికి కాకినాడలో దించుతాయి. విశాఖపట్నం, చెన్నై ప్రధాన మార్గంలో వచ్చేవారు సామర్లకోటలో దిగాలి. అక్కడి నుంచి కాకినాడ 15 కిలోమీటర్ల లోపే, బస్సులకు కొదవ లేదు. విమానంలో వస్తే రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడిలో దిగి రోడ్డు మార్గాన రావాలి.

గది భానుగుడి జంక్షన్ చుట్టుపక్కల తీసుకుంటే తిండికీ, ఆటోలకూ తిప్పలుండవు. సముద్రం ఎదురుగా ఉండాలని పట్టుబట్టకండి. కాకినాడ ఊరు సముద్రాన్ని ఆనుకుని కట్టిన విహార పట్టణం కాదు. ఊరికీ నీటికీ మధ్య రేవు ఉంది, ఉప్పుటేరు ఉంది, మడ ఉంది. తెల్లవారుజామున 5 గంటలకు ఆటో దొరికే చోట ఉండడం ముఖ్యం. రాత్రే ఆటో అతనితో మాట్లాడి పెట్టుకోండి.

మొదటి పొద్దు: పడవెక్కకముందు రేవు చూడండి

మొదటి రోజు ఉదయం పడవ పెట్టుకోకండి. ఆ పూట రేవును చూడడానికి ఉంచండి. తెల్లవారకముందే లేచి జగన్నాథపురం వంతెన దగ్గరికి వెళ్లండి. ఊరిని రెండుగా చీల్చే ఉప్పుటేరు అక్కడే ఉంది. ఆవలి ఒడ్డున ఉన్న జగన్నాథపురం ఒకప్పుడు డచ్చివారి వర్తక స్థానం. వంతెన మీద నిలబడి చూస్తే కింద వరుసగా కట్టిన బోట్లు, వాటి మీద ఆరేసిన వలలు, మసక వెలుతురులో పొయ్యి రాజేసి టీ కాస్తున్న కళాసీలు కనిపిస్తారు.

అక్కడ తప్పక చూడవలసినవి బార్జీలు, అంటే సరుకు మోసే పెద్ద పడవలు. కాకినాడలో లోతు నీటి రేవు 1990లలో వచ్చింది. దానికి ఎంతో ముందు నుంచీ ఉన్న యాంకరేజి రేవులో పెద్ద ఓడలు ఒడ్డుకు రావు. దూరంగా అఖాతంలో లంగరు వేసి నిలబడతాయి. ఒడ్డున బియ్యం బస్తాలు ఎత్తుకున్న బార్జీలు ఉప్పుటేరు గుండా బయటికి వెళ్లి ఓడ పక్కన ఆనుకుంటాయి. పోటు నీటిలో నిండు బరువుతో వెళ్లే బార్జీని గమనించండి. దాని అంచుకూ నీటికీ మధ్య జానెడు ఎడం కూడా ఉన్నట్టు కనిపించదు. తిరిగొచ్చేటప్పుడు అదే బార్జీ నీటి మీద ఎంతో ఎత్తున తేలుతుంది, పక్కల అంటుకున్న నాచు గీత బయటపడుతుంది. ఆ గీత చూస్తే ఎన్ని బస్తాలు దిగాయో సరంగులు (పడవ నడిపించేవారు) చెప్పేస్తారు. మన గోదావరి జిల్లాల బియ్యం ఆఫ్రికా దేశాలకు వెళ్లేది ఈ దారినే.

అక్కడి నుంచి కుంభాభిషేకం రేవుకు వెళ్లండి. రాత్రి వేటకు వెళ్లిన ఫైబర్ బోట్లు, వారం పది రోజుల వేట ముగించుకున్న సోనా బోట్లు అక్కడ చేపలు దింపుతాయి. కుప్పలు పోసి వేలం పాట పాడతారు. పాట చూడడానికి డబ్బేమీ ఇవ్వనక్కరలేదు, కానీ కొన్ని మర్యాదలు పాటించాలి. అది వాళ్లు పని చేసుకునే చోటు. మంచు గడ్డల బుట్టలు మోసుకొచ్చేవాళ్ల దారికి అడ్డం నిలబడకండి. వలల మీదా, తాళ్ల మీదా కాలు పెట్టకండి. చెప్పులతో బోటు ఎక్కకండి. ఎక్కవలసి వస్తే అడిగి, చెప్పులు విప్పి ఎక్కండి. చాలామంది మత్స్యకారులకు బోటు అణెం (ముందు కొస) పూజించే చోటు. పసుపు కుంకుమలు, నిమ్మకాయల దండ అక్కడే కనిపిస్తాయి. ఫోటో తీసే ముందు “తీయమంటారా అమ్మా” అని అడగండి. అడిగితే కాదనేవారు తక్కువ. చెప్పాపెట్టకుండా ముఖం మీదికి ఫోను ఎత్తితే ఎవరికైనా కోపం వస్తుంది, రావాలి కూడా.

నేల జారుడుగా ఉంటుంది. తెల్ల బట్టలు, నున్నని అడుగు చెప్పులు వద్దు.

కోరంగి: నడక ముందా, పడవ ముందా?

కాకినాడ నుంచి యానాం వెళ్లే 216వ నంబరు జాతీయ రహదారి మీద అరగంటలోపే కోరంగి అభయారణ్యం వస్తుంది. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. చెట్ల మధ్యగా కట్టిన చెక్క నడక దారి, అటవీశాఖ నడిపే పడవలు ఇక్కడ ఉన్నాయి.

చాలామంది దిగీ దిగగానే పడవ టికెట్ దగ్గరికి పరుగెత్తుతారు. ముందు నీటిని చూడండి. పోటు ఇంకా ఎక్కుతూ ఉంటే మొదట నడక దారి మీదికి వెళ్లండి. బురద బయటపడి ఉన్నప్పుడే మడ అడవి ప్రాణం కనిపిస్తుంది. నేలలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేళ్లు చూస్తారు. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు వేళ్లనే పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. వాటి మధ్య ఒక పంజా పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉన్న ఎర్రని చిన్న పీతలు మీ అడుగు చప్పుడుకు కన్నాల్లోకి దూరిపోతాయి. కదలకుండా రెండు నిమిషాలు నిలబడండి, ఒక్కొక్కటే బయటికి వస్తుంది. బురద మీద రెక్కలతో పాకుతూ, ఒక్కసారిగా ఎగిరిపడే చేపలు కూడా అక్కడే ఉంటాయి. పిల్లలకు ఇవి చూపించడానికైనా పాటు వేళ వెళ్లాలి. నీరు ఎక్కాక ఇవేవీ కనబడవు. అప్పుడు పడవ వంతు. నీరు నిండితే పడవ చిన్న పాయల్లోకి కూడా దూరగలదు.

మీరు వెళ్లేసరికి పోటు నిండి, తీయడం మొదలైతే వరస మార్చండి. ముందు పడవ, తర్వాత నడక.

పడవలో ఎడమా కుడీ రెండు వైపులా చూస్తూ ఉండండి. నీటి కుక్కలు పొద్దున పూట గుంపుగా ఒడ్డుకు వస్తాయి. అవి కనిపిస్తే ఇంజను ఆపమని నెమ్మదిగా చెప్పండి, కేకలు వేయకండి. బావురు పిల్లి రాత్రిపూట తిరిగే జంతువు, పగలు దాన్ని చూడగలమన్న ఆశ పెట్టుకోకండి. దాని అడుగుల ముద్రలు మాత్రం బురదలో ఉంటాయి, సిబ్బందిని అడిగితే చూపిస్తారు. ఈ పాయల్లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉంటాయంటారు. అందుకే నీటిలోకి చేతులు వేలాడేయవద్దు, ఎంత లోతు తక్కువగా కనిపించినా దిగవద్దు.

ఇంకో హెచ్చరిక. తిల్ల చెట్టు ఇక్కడ విరివిగా ఉంటుంది. ఆకు తుంచితే తెల్లని పాలు కారుతాయి. ఆ పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలకు ఆకులు తెంపే అలవాటు ఉంటే ముందే చెప్పండి.

నల్ల మడ, తెల్ల మడ, ఉప్పు పొన్న, కళింగ చెట్లను వేళ్లను బట్టి గుర్తుపట్టవచ్చు. పడవ నడిపేవారిలో ఈ అడవిలోనే పుట్టి పెరిగినవారు ఉంటారు. వారిని అడగండి, ఉత్సాహంగా చెబుతారు. కోరంగి ఇప్పుడు చిన్న ఊరు. ఒకప్పుడు ఓడలు కట్టి, బర్మాకు మనుషులనూ సరుకులనూ పంపిన పెద్ద రేవు. బర్మాలో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అని పిలిచేవారంటే ఈ ఊరి పేరు ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1839 నవంబరులో వచ్చిన తుపాను, దాని వెంట విరుచుకుపడిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టేశాయి. తాళ్లరేవు చుట్టుపక్కల చెక్క పడవలు కట్టే పని మాత్రం ఈనాటికీ ఉంది. దారిలో ఎక్కడైనా సగం కట్టిన పడవ అస్థిపంజరం కనిపిస్తే ఆగి చూడండి.

పుష్య బహుళ అమావాస్య నాడు ఇటు రావద్దు, వస్తే స్నానానికే రండి. అది చొల్లంగి అమావాస్య. గోదావరి ఏడు పాయలు సముద్రంలో కలిసే చోట్ల స్నానాలు చేసే సప్తసాగర యాత్ర మొదలయ్యే చోటు కాబట్టి ఆ రోజు రోడ్డంతా జనంతో నిండిపోతుంది.

హోప్ ఐలాండ్‌కు పడవ కుదుర్చుకోవడం

కాకినాడకు ఎదురుగా సముద్రంలో సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుక పర్ర ఇది. గోదావరి తెచ్చిన ఇసుకను తీరపు ప్రవాహం ఉత్తరానికి నెడుతూ వచ్చింది. గత రెండు వందల ఏళ్లలోనే ఇంత నేల తయారైంది. బంగాళాఖాతం కెరటాలు దీని వెలుపలి ఒడ్డుకే తగిలి ఆగిపోతాయి కాబట్టి లోపలి వైపు నీరు నెమ్మదిగా ఉంటుంది. కాకినాడ మంచి రేవు కావడానికి కారణం ఈ దీవే.

ఇక్కడికి వెళ్లే రోజు కోసం ఈ వరస పాటించండి.

ముందు రోజే అనుమతి సంగతి తేల్చుకోండి. అభయారణ్యానికి సంబంధించిన ప్రాంతం కాబట్టి అటవీశాఖ మాట ప్రధానం. కోరంగిలో టికెట్లు ఇచ్చేచోట అడిగితే ఆ వారం బోట్లు దీవి వైపు వెళుతున్నాయో లేదో చెబుతారు. తీరప్రాంత పోలీసులకు పేర్లు ఇచ్చి వెళ్లవలసి ఉంటే గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోండి.

తర్వాత వాతావరణం. కాకినాడ రేవులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఉందో పేపర్లో, టీవీలో వస్తుంది. ఒకటో నంబరు అంటే దూరంగా సముద్రంలో అల్పపీడనమో వాయుగుండమో ఉందని అర్థం. మూడో నంబరు వస్తే రేవు దగ్గరే ఈదురుగాలులు వీచే వీలుంది. నా సలహా ఒక్కటే. ఏ నంబరు ఎగిరినా సరే, దీవి ప్రయాణం మానేయండి. ఎండ కాస్తోంది కదా అని వాదించకండి.

మూడోది పడవ ఎంపిక. ప్రయాణికులను ఎక్కించుకోవడానికి లైసెన్సు ఉన్న బోటే ఎక్కండి. తక్కువకు తీసుకెళ్తామని వేట బోటు వాళ్లు అడిగినా ఒప్పుకోకండి. వాళ్లు సముద్రంలో ఎంత నేర్పరులైనా ఆ పడవ కట్టింది వలల కోసం, చీర కట్టుకున్న అమ్మమ్మ కోసం కాదు. బోటు మీద రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమంది ఎక్కవచ్చో రాసి ఉండాలి. ఆ సంఖ్య దాటి ఒక్కరు ఎక్కినా మీరు దిగిపోండి. నీరు తోడే డబ్బా, గెడ, లంగరు, గుండ్రటి తేలుడు రింగులు ఉన్నాయా చూడండి. ఇవి అడగడం మీ హక్కు, మొహమాటపడకండి.

నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి తెలుగువాళ్లెవరూ మరిచిపోలేదు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా జాకెట్ ఒంటి మీద ఉండాలి. ఫోటో కోసమనో, ఉక్కపోస్తోందనో విప్పకూడదు. వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. అది గడ్డం దాటి చెవుల దాకా వస్తే మీకు వదులు, ఇంకోటి అడగండి. పిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే నీటిలో పడగానే పిల్లవాడు దానిలోంచి జారిపోతాడు. చిన్న జాకెట్ లేదంటే ఆ రోజు పిల్లలను ఎక్కించకండి. ఈ విషయంలో రాజీ లేదు. కోస్ట్ గార్డ్ అత్యవసర నంబరు 1554 ఫోనులో రాసి పెట్టుకోండి.

అయిదోది సమయం ఖాయం చేసుకోవడం. “ఎన్నింటికి బయలుదేరతాం” అని అందరూ అడుగుతారు. మీరు “ఎన్నింటికల్లా దీవి వదలాలి” అని అడగండి. సరంగు చెప్పిన వేళను అందరికీ వినబడేలా మరోసారి చెప్పించండి. పాటు తీసేలోపు రాకపోతే పడవ ఇసుక మీద కూర్చుంటుంది. మళ్లీ పోటు వచ్చేదాకా నీళ్లు, నీడ లేకుండా ఎదురుచూడాలి.

బాడుగ ఒక మనిషికా, మొత్తం పడవకా, ఎంతసేపటికి, దీవిలో ఎంతసేపు ఆపుతారు అన్న నాలుగూ ఎక్కకముందే మాట్లాడుకోండి.

తీసుకెళ్లవలసినవి: మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పొడుగు చేతుల చొక్కా, ఫోనుకు నీరు తగలని సంచి, బన్ను, అరటిపండ్లు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి. దీవిలో కొట్టు లేదు. చెట్టు నీడ కూడా అంతంత మాత్రమే. నిండా తిని ఎక్కకండి, ఖాళీ కడుపుతోనూ ఎక్కకండి. రెండు ఇడ్లీలు చాలు. కడుపులో తిప్పే అలవాటు ఉన్నవారు పడవ మధ్యలో, కాస్త అమరం (వెనక కొస) వైపు కూర్చుని దూరంగా ఒక గుర్తును చూస్తూ ఉండాలి. ఫోను చూస్తే తిప్పడం ఎక్కువవుతుంది. ఉప్పు, మిరియం పట్టించిన ఉసిరి ముక్క నోట్లో వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది.

పడవ ఉప్పుటేరు దాటి అఖాతంలోకి వెళ్లాక సరంగు పక్కన నిలబడ్డ కుర్రవాణ్ణి గమనించండి. లోతు అనుమానం వచ్చినప్పుడల్లా గెడ దింపి చూస్తాడు. గెడ బురదలో దిగితే ఒక తీరు, ఇసుక మీద ఆనితే ఇంకో తీరు. ఆ తేడా అరచేతితో పట్టి “ఎడమకు తియ్యి” అంటాడు. పటం లేదు, యంత్రం లేదు. కిందటి వరదలో మారిన ఇసుక తిప్పలన్నీ వాళ్ల మనసులో ఉంటాయి. వాళ్లు పని చేస్తున్నంతసేపూ కబుర్లలో పెట్టకండి.

దీవి దగ్గర పడవ పూర్తిగా ఒడ్డుకు రాదు. మోకాలి లోతులో దిగి నడవాలి. గుల్లలు కోస్తాయి కాబట్టి వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి. లోపలి ఒడ్డున నీరు నిలకడగా ఉంటుంది. బయటి ఒడ్డున బంగాళాఖాతం నేరుగా కొడుతుంది, అక్కడ ఈతకు దిగవద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రివేళ ఈ ఇసుక మీదికే వస్తాయి. చక్రం ఈడ్చినట్టు ఇసుక మీద జాడలు కనిపిస్తే వాటిని తొక్కకండి, తవ్వకండి. మీరు వదిలిన ప్లాస్టిక్ సంచి వాటి కడుపులోకి వెళుతుంది. రాత్రి బసకు అడగనే వద్దు.

శీతాకాలంలో పక్షుల కోసం వెళ్లేవారు నీళ్లు తీసిన బురద మేటల వైపు చూడండి. కింది ముక్కు పై ముక్కు కన్నా పొడవుగా ఉండి, ఎగురుతూనే దానితో నీటిని చీల్చుకుంటూ పోయే ఇండియన్ స్కిమ్మర్ ఇక్కడ చలికాలం గడుపుతుంది. ప్రపంచంలో చాలా అరుదైపోయిన పక్షి అది. గుంపు వాలి ఉన్నప్పుడు దగ్గరికి పడవ పోనివ్వమని సరంగును బలవంతం చేయకండి. ఒక్కసారి లేచిన గుంపు మళ్లీ వాలడానికి ఎంతో శక్తి ఖర్చు పెట్టాలి.

సాయంత్రం ఒడ్డున

పడవ రోజు సాయంత్రం వాకలపూడి బీచికి వెళ్లండి. లైట్‌హౌస్, ఇసుక, పిల్లల ఆటలు, మొక్కజొన్న పొత్తులు అన్నీ ఉంటాయి. మోకాళ్ల దాకా దిగి ఆడుకోవచ్చు. అంతకు మించి దిగకండి, చీకటి పడ్డాక అసలే వద్దు.

అక్కడి నుంచి ఉప్పాడ వెళ్లే తీరపు రోడ్డు అందమైనదే, నమ్మదగినది కాదు. సముద్రం ఏటా ఆ రోడ్డును కోస్తూనే ఉంది. రాళ్లు వేశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలు పరిచారు, కెరటం ఆగలేదు. పోటు వేళ, గాలి ఉన్న రోజున కెరటాలు రోడ్డు దాటి అవతల పడతాయి. బండి మీద వెళ్లేవారు పాటు వేళ చూసుకుని వెళ్లండి. పోలీసులు అడ్డు పెడితే పిఠాపురం మీదుగా తిరిగి వెళ్లండి. తుపాను వెళ్లిన మర్నాడు ఈ ఒడ్డున దువ్వెనలతో, పుల్లలతో ఇసుక కెలుకుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. మునిగిపోయిన ఇళ్ల, గుళ్ల బంగారపు రేణువులు కొట్టుకొస్తాయని వాళ్ల నమ్మకం, కొందరికి దొరుకుతుంటాయి కూడా. అదొక వేడుకలా చూడకండి. ఆ ఇళ్లు పోగొట్టుకున్నది వాళ్ల ఊరివాళ్లే.

ఉప్పాడలో జాందానీ మగ్గాలు ఉన్నాయి. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిన నేత ఇది. పువ్వు ముందూ వెనకా ఒకేలా ఉందో లేదో తిరగేసి చూడండి, చేతి నేత గుర్తు అదే. ఒక్క చీర మీద ఇద్దరు వారాల తరబడి కూర్చుంటారు. బేరం ఆడేటప్పుడు ఆ లెక్క మనసులో ఉంచుకోండి.

చేపలు కొనడం, తినడం

పాటలో కుప్పలుగా కొనేది వ్యాపారులు. మీకు కిలో, రెండు కిలోలు కావాలంటే పక్కన బుట్టలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల దగ్గరికి వెళ్లండి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బి తేటగా ఉండాలి, వేలితో నొక్కితే సొట్ట పడి ఉండిపోకూడదు. వంజరం, చందువ, పండుగప్ప ధర ఎక్కువ. కానాగంతలు, కవళ్లు చవక, పులుసుకు గొప్పవి. మండ పీత కొనేటప్పుడు చేతిలో బరువు చూడండి. ఆకారానికి తగ్గ బరువు లేకపోతే లోపల కండ ఉండదు. కార్తీక మాసం ప్రాంతంలో వస్తే చీరమీను అడగండి. గోదావరి సముద్రంలో కలిసే చోట చీర గుడ్డతో పట్టే సన్నని చేప పిల్లలు అవి. తూకానికి కాదు, కొలతకు అమ్ముతారు. చింతచిగురు దొరికితే అందులో, లేకపోతే మసాలాతో వండుతారు. ధర విని వెనక్కి తగ్గినా కనీసం ఒక ప్లేటు రుచి చూసి రండి.

మాంసం, చేపలు ముట్టనివారికి సుబ్బయ్య హోటల్ భోజనం ఉంది. వడ్డన వరస తప్పదు, వద్దన్నా ఆగదు. మధ్యాహ్నం ఒంటిగంటకు రద్దీ ఉంటుంది, పన్నెండున్నర లోపే వెళ్లండి. కోటయ్య కాజా గొట్టంలా ఉండి లోపల పాకం నిండి ఉంటుంది. కొరికితే పాకం చొక్కా మీద పడుతుంది కాబట్టి మొత్తం నోట్లో వేసుకోవాలి. ఇంటికి తీసుకెళ్లేవారు డబ్బా నిటారుగా పెట్టుకోండి.

ఇంకో పూట మిగిలితే యానాం

కాకినాడ నుంచి 30 కిలోమీటర్లలోపే. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. గౌతమీ గోదావరి ఒడ్డున పొడుగ్గా కట్టిన నడక దారి పెద్దవాళ్లకు అనువుగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులతో పడవ ఎక్కలేనివారిని పొద్దున కోరంగి దగ్గర కూర్చోబెట్టే బదులు సాయంత్రం ఇక్కడికి తీసుకురండి. బెంచీ ఉంది, గాలి ఉంది, నది అంతా కనిపిస్తుంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు వరదల్లో పులస కోసం వచ్చేవారు ఇక్కడి మార్కెట్లో తెల్లవారే నిలబడతారు. సముద్రపు ఇలసను పులస పేరుతో అమ్మేవాళ్లూ ఉంటారు, తెలిసినవాళ్లు తోడు లేకుండా వేలు పోసి కొనకండి.

తిరుగు రైలుకు చేపలు తీసుకెళ్లాలంటే ఆఖరి రోజు సాయంత్రమే కొనండి. శుభ్రం చేయించి, ముక్కలు కోయించి, థర్మోకోల్ పెట్టెలో అడుగున ఒక వరస, పైన ఒక వరస మంచు వేయించుకుని టేపు చుట్టించండి. రేవు దగ్గర ఆ పని చేసిపెట్టేవాళ్లు ఉంటారు. పెట్టె మూల నుంచి నీరు కారకుండా బయట ఇంకో ప్లాస్టిక్ సంచి తొడగండి, లేకపోతే తోటి ప్రయాణికులకు రాత్రంతా నిద్ర ఉండదు.